రాత్రి షిఫ్టు మనిషికి ఏ నికోటిన్ మందు? ఒక కేసు పూర్తి వివరాలు

"నాకు ఇవేవీ పనిచేయవండీ. గమ్ నమిలాను, ప్యాచ్ అంటించుకున్నాను. రెండూ అయిపోయాయి."

కుర్చీలో కూర్చుంటూనే ఆయన అన్న మాట ఇది. వయసు 46. పందొమ్మిదో ఏట అంటుకున్న సిగరెట్ 27 ఏళ్ళుగా వదలలేదు. ఇప్పుడు రోజుకు 25. ఒక కర్మాగారం కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగం, ఏళ్ళ తరబడి రాత్రి షిఫ్టే. పొగ మాన్పించే నా క్లినిక్‌కు తనంతట తాను రాలేదు. పై దవడకు కట్టుడు పళ్ళు సరిచేస్తున్న దంతవైద్యురాలు గట్టిగా చెప్పి పంపారు.

ఆయన అనుమతితో, ఆయనను గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక పొరపాటు ఉంది. నాలాగే ఈ పని చేసేవారికి అన్నింటికంటే పనికొచ్చేది అదేనని నా నమ్మకం.

పాత ప్రయత్నాలు

పొగ మాన్పించే క్లినిక్‌లో "పనిచేయలేదు" అన్న మాట తరచుగా వింటాం. మొదట్లో నేను ఆ మాటను అలాగే రాసుకుని తర్వాతి మందుకు వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు అక్కడే ఆగుతాను. ఎప్పుడు వేసుకున్నారు, ఎప్పుడు తీశారు, నోట్లో ఎలా పెట్టుకున్నారు, ఆ సమయంలో ఏం తాగుతున్నారు అని గంటల లెక్కన చెప్పించుకుంటాను. ఈ కేసులో ఆ సంభాషణకే అరగంట పట్టింది. చికిత్స అంతా అందులోంచే వచ్చింది.

మొదటిసారి ఏ మందూ లేకుండా మానేశారు. మూడో రోజు రాత్రి పనిలో చిన్న విషయానికి తోటి ఉద్యోగి మీద అరిచారు. ఆ సిగ్గుతోనే బయటికి వెళ్ళి వెలిగించారు. నికోటిన్ ఆగినప్పటి బాధలు సాధారణంగా మొదటి మూడు రోజుల్లోనే తీవ్రస్థాయికి చేరతాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో నెమ్మదిస్తాయి. అంటే ఆయన సరిగ్గా శిఖరం మీద జారారు. అది తన మనోబలం లేమి అని అప్పటిదాకా అనుకుంటున్నారు.

రెండోసారి 2 మిల్లీగ్రాముల గమ్. రోజుకు నాలుగైదు, మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలారు. అలా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది. అక్కడి నుంచి కాలేయానికి చేరి చాలా భాగం విరిగిపోతుంది. మిగిలేది ఎక్కిళ్ళు, గుండెల్లో మంట. గమ్ నోటి లోపలి పొర ద్వారా ఒంట్లోకి వెళ్ళాలి. కొద్దిసేపు నెమ్మదిగా నమలాలి, మిరియపు ఘాటులాంటి చురుకు తగలగానే ఆపి చెంపకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి, చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. ఆయన దాన్ని కాఫీతో కలిపి నమిలారు. కాఫీ నోటిలో ఆమ్లగుణం పెంచుతుంది, ఆమ్లంలో నికోటిన్ పొరను దాటలేదు. పైగా గమ్ కట్టుడు పళ్ళకు అంటుకుపోయేది. రెండు వారాల్లో వదిలేశారు.

మూడోసారి ప్యాచ్, అంటే చర్మానికి అంటించుకుంటే నికోటిన్‌ను కొద్దికొద్దిగా ఒంట్లోకి పంపే పట్టీ. దాని కథ విన్నప్పుడు నేను కలం పక్కన పెట్టేశాను. పెట్టె మీద "ఉదయం అంటించుకోండి, నిద్ర పట్టకపోతే రాత్రి తీసేయండి" అన్న అర్థంలో ఉన్న సూచనను ఆయన అక్షరాలా పాటించారు. షిఫ్టు రాత్రి పది నుంచి ఉదయం ఆరు. ఏడింటికి ఇంటికి వచ్చి ప్యాచ్ అంటించుకునేవారు, ఎనిమిదింటికి పడుకునేవారు, మధ్యాహ్నం రెండున్నరకు లేచేవారు. రాత్రి పదికి ముందు ప్యాచ్ తీసేసి డ్యూటీకి వెళ్ళేవారు. ఒంట్లో నికోటిన్ రమారమి రెండు గంటలకోసారి సగానికి పడిపోతుంది. ఇక చూడండి: నిద్రపోతున్నంతసేపూ మందు ఒంటి మీద ఉంది. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని సిగరెట్ కోసం తహతహలాడే ఎనిమిది గంటలూ లేదు.

ఆ ప్యాచ్ కూడా 14 మిల్లీగ్రాములది. మధ్యస్థంగా ఉంటే మంచిదని తానే ఎంచుకున్నారు. ఒక రాత్రి తీయడం మరిచిపోయి సిగరెట్ వెలిగించారు. ప్యాచ్ ఉండగా పొగ తాగితే గుండె ఆగిపోతుందని ఎవరో చెప్పిన మాట గుర్తొచ్చి, భయంతో ప్యాచ్ పీకి పారేశారు. సిగరెట్ మాత్రం చివరిదాకా తాగారు. ఈ భయం వల్ల ఎంతమంది మందును వదిలి పొగను అట్టిపెట్టుకున్నారో తలుచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ప్యాచ్ ఉండగా సిగరెట్ తాగితే వికారం, తల తిరగడం, గుండె దడ రావచ్చు. అవి నికోటిన్ ఎక్కువైందని ఒళ్ళు చెప్పే సూచనలు. అంతమాత్రాన మందు ఆపనక్కరలేదు. ఆపాల్సింది తర్వాతి సిగరెట్.

అంచనా

నికోటిన్ మీద ఎంతగా ఆధారపడ్డారో కొలిచే ఫాగర్‌స్ట్రామ్ పరీక్షలో పదికి 8 వచ్చింది. ఆరు ప్రశ్నల్లో నేను ఎక్కువగా నమ్మేది నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారన్నదే. ఈయన ఐదు నిమిషాల లోపే, మంచం దిగకముందే వెలిగిస్తారు. పొగ తాగిన ఆనవాలు చెప్పే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఊపిరిలో 27 పీపీఎం (పది లక్షల భాగాల్లో 27). రక్తపోటుకు మాత్ర వాడుతున్నారు, అదుపులో ఉంది. ఈ మధ్య గుండెపోటు రాలేదు, ఛాతీ నొప్పి లేదు, గుండె లయ తప్పడం లేదు. రెండు వారాల లోపు గుండెపోటు వచ్చినా, తీవ్రమైన లయ దోషం ఉన్నా, ఛాతీ నొప్పి పెరుగుతున్నా ముందు హృద్రోగ నిపుణులతో మాట్లాడతాను. అదుపులో ఉన్న రక్తపోటు మాత్రం నికోటిన్ మందుకు అడ్డు కాదు. ముక్కు అలర్జీ ఉంది. కాఫీ తాగుతారని రాసుకున్నాను. ఎన్ని కప్పులో అడగలేదు.

సిగరెట్లు పడే సమయాలు కాగితం మీద గీయించాను. లేవగానే గంటలో నాలుగు. సాయంత్రం చెదురుమదురుగా కొన్ని. డ్యూటీలో రెండు గంటలకోసారి విరామం, ప్రతి విరామంలో మూడు, నాలుగు వరుసగా. కంట్రోల్ రూమ్ లోపల తాగడానికి వీల్లేదు కనుక ముందుగానే నింపుకుని వెళ్ళేవారు. ఆ గీత చూస్తే రెండు వేర్వేరు అవసరాలు కనిపిస్తాయి. అడుగున రోజంతా ఉండే నికోటిన్ మట్టం ఒకటి, దాని మీద లేచే ఎత్తైన కెరటాలు ఇంకొకటి.

మందు ఎంపిక

సిగరెట్ పొగలోని నికోటిన్ పది, ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. ఏ ప్రత్యామ్నాయ మందూ అంత వేగంగా చేరదు. చేరకపోవడమే మంచిది కూడా, ఎందుకంటే వ్యసనాన్ని బిగించేది ఆ వేగమే. కానీ దానివల్ల ఒక చిక్కు ఉంది. ఒక్క సిగరెట్ నుంచి ఒంట్లోకి చేరేది సుమారు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. ఇరవై ఐదింటికి లెక్కేస్తే 25 నుంచి 37 మిల్లీగ్రాములు. అలాంటి మనిషికి 14 మిల్లీగ్రాముల ప్యాచ్, అదీ సగం రోజు, ఇస్తే అది ఆకలితో ఉన్నవాడికి ముద్ద చూపించి తీసేసినట్లే. ఈ రంగంలో నేను ఎక్కువగా చూసే తప్పు మోతాదు ఎక్కువ కావడం కాదు, తక్కువ కావడం.

అడుగు మట్టానికి 21 మిల్లీగ్రాముల 24 గంటల ప్యాచ్ అనుకున్నాను. కెరటాలకు వేగంగా పనిచేసేది ఇంకొకటి కావాలి. ప్యాచ్‌తో పాటు గమ్ లేదా లాజెంజ్ (నోట్లో కరిగే బిళ్ళ) లాంటిది కలిపి వాడితే, ఒక్కటే వాడినదానికంటే మానేవారి సంఖ్య పెరుగుతుందని పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. కట్టుడు పళ్ళ వల్ల గమ్ పోయింది. ముక్కు స్ప్రే వేగవంతమైనదే, కానీ అలర్జీ ఉన్న ముక్కును ఇంకా మండిస్తుంది. నికోటిన్ ఇన్‌హేలర్‌ను చాలాసేపు పదేపదే పీల్చాలి, రెండు చేతులూ మీటల మీద ఉండే పనిలో కుదరదు. నోటి స్ప్రేను అవసరమైతే చూద్దామని పక్కన పెట్టాను. మిగిలింది లాజెంజ్. లేచిన అరగంట లోపు మొదటి సిగరెట్ తాగేవారికి 4 మిల్లీగ్రాములది, ఆ తర్వాత తాగేవారికి 2 మిల్లీగ్రాములది. ఈయనకు 4 అన్నది నిస్సందేహం.

పొగ మాన్పించే, నికోటిన్ లేని మాత్ర వరెనిక్లిన్ గురించీ చెప్పాను. అది ఒక్కటే వాడినా, రెండు రకాల నికోటిన్ మందులు కలిపి వాడినా ఫలితం దాదాపు సమానం. ఆయన మాత్ర వద్దన్నారు, కారణం అడిగితే "ఇది నా చేతిలో ఉంటుంది" అన్నారు. ఎంపికలో రోగి ఇష్టానికి నేను చాలా విలువ ఇస్తాను. చేతిలో ఉందనిపించే మందును మనిషి వాడతాడు.

"విషాన్ని విషంతోనే తీస్తారా?" అని అడిగారు. మంచి ప్రశ్న. నికోటిన్ గమ్ ఎలా పుట్టిందో చెప్పాను. 1960ల చివర్లో స్వీడన్‌లో, సిగరెట్ వెలిగించడానికి వీల్లేని జలాంతర్గాముల్లో నావికులు పొగాకు నోట్లో పెట్టుకుని సరిపెట్టుకోవడం ఒక శాస్త్రవేత్త గమనించారు. ఆ సంగతి ఓవె ఫెర్నో అనే మందుల పరిశోధకుడికి చేరింది. నికోటిన్‌ను పొగ నుంచి విడదీసి ఇవ్వవచ్చన్న ఆలోచన అక్కడ మొదలైంది. క్యాన్సర్ తెచ్చేది పొగలోని తారు, ఇతర రసాయనాలు. వ్యసనంలో ఉంచేది నికోటిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో నికోటిన్ ప్రత్యామ్నాయాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "మా కంట్రోల్ రూమ్ కూడా జలాంతర్గామి లాంటిదే" అన్నారు. ఆ క్షణం నుంచి ఆయన నాతో కలిసి ఆలోచించడం మొదలుపెట్టారని నాకు అనిపించింది.

గంటల పట్టిక

మొత్తం రోజును ఆయన గడియారం ప్రకారం తిరగరాశాం. ఆయనకు ఉదయం అంటే మధ్యాహ్నం రెండున్నర. ప్యాచ్ అప్పుడు మార్చుకోవాలి. కొత్త ప్యాచ్ పూర్తి స్థాయికి రావడానికి కొన్ని గంటలు పడుతుంది కనుక, డ్యూటీ ఎక్కే సమయానికి బాగా పనిచేస్తూ ఉంటుంది. పాతది నిద్రలోనూ ఒంటి మీదే ఉంటుంది. లేచిన వెంటనే ఒక లాజెంజ్. డ్యూటీలో తహతహ వచ్చేదాకా ఆగకుండా విరామానికి ఇరవై నిమిషాల ముందే ఒకటి, ఎందుకంటే నోటి ద్వారా వెళ్ళే నికోటిన్ రక్తంలో పెరగడానికి అంత సమయం కావాలి. నమలకూడదు, మింగకూడదు, చెంప మార్చుకుంటూ కరిగేదాకా ఉంచుకోవాలి. పావుగంట ముందు నుంచి కరిగేదాకా కాఫీ గానీ ఇంకే పానీయం గానీ వద్దు. మొదటి ఆరు వారాలు గంట, రెండు గంటలకు ఒకటి, రోజుకు 20 దాటకూడదు. ఒక లాజెంజ్ నా ఎదుటే నోట్లో పెట్టించాను. ఈ అలవాటు వల్ల నాకు సమయం ఎంత పోయినా ఫరవాలేదు. కాగితం మీద రాసిస్తే పది మందిలో ఎంతమంది తప్పు చేస్తారో చూసినదాన్ని.

మానే తేదీకి రెండు వారాల ముందే ప్యాచ్ మొదలుపెట్టించాను, సిగరెట్లు తాగుతుండగానే. ఇలా ముందుగా మొదలుపెట్టడం మేలు చేస్తుందనడానికి ఆధారాలు ఉన్నాయి. ఈయన విషయంలో నాకు ఇంకో ఉద్దేశం ఉంది. ప్యాచ్ మీద సిగరెట్ తాగితే చచ్చిపోతామన్న భయం మాటలతో పోయేది కాదు, అనుభవంతోనే పోవాలి. మూడో రోజు ఫోన్ చేసి, "సిగరెట్ రుచి పోయిందండీ, సగంలో పారేస్తున్నాను" అన్నారు. ఎవరూ తగ్గించమనకుండానే రెండు వారాలకు రోజుకు 15కు వచ్చారు.

నేను తప్పిన చోటు

మానేసిన మొదటి వారం అనుకున్నదానికంటే సాఫీగా గడిచింది. లాజెంజ్‌లు రోజుకు పదకొండు, పన్నెండు. ఏడో రోజు కార్బన్ మోనాక్సైడ్ 3 పీపీఎం. ఆ అంకె ఆయనకు తిప్పి చూపించినప్పుడు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

తొమ్మిదో రోజు ఫోన్. నిద్ర పట్టడం లేదు, పట్టినా కలలు, చేతుల్లో వణుకు, ఏదో గాబరా. 24 గంటల ప్యాచ్‌తో నిద్ర చెదరడం, స్పష్టమైన కలలు రావడం అందరికీ తెలిసిన ఇబ్బందే. నేను ఇంకేమీ అడగకుండా పడుకునే ముందు ప్యాచ్ తీసేయమన్నాను. పుస్తకం ప్రకారం అది తప్పు కాదు. కానీ ఈ మనిషికి తప్పు. లేచిన ఐదు నిమిషాల్లో సిగరెట్ కావాల్సిన మనిషికి, లేచే సమయానికి ఒంట్లో నికోటిన్ లేకుండా చేశాను. పన్నెండో రోజు మధ్యాహ్నం లేవగానే రెండు సిగరెట్లు తాగారు. లాజెంజ్ డబ్బా పక్కనే ఉంది. అది పనిచేసేదాకా ఆగలేకపోయారు.

మర్నాడు వచ్చారు, తల ఎత్తలేదు. ఇంకో సంగతి: ప్యాచ్ తీసినా నిద్ర బాగుపడలేదట. అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. "రోజుకు ఎన్ని కప్పుల కాఫీ?" అని అడిగాను. ఏడు. అందులో ఐదు డ్యూటీలో, చివరిది తెల్లవారుజామున ఐదింటికి.

సిగరెట్ పొగలోని కొన్ని రసాయనాలు కాలేయంలో కెఫీన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఉధృతం చేస్తాయి. ఆ పని చేసేది పొగే, నికోటిన్ కాదు. అందుకే ప్యాచ్ ఉన్నా, సిగరెట్ మానగానే కొద్ది రోజుల్లో ఆ ఎంజైము నెమ్మదిస్తుంది. అవే ఏడు కప్పులు తాగినా రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు దాకా పెరగవచ్చు. నిద్ర లేకపోవడం, వణుకు, గాబరా, చిరాకు: ఇవి నికోటిన్ ఆగినప్పటి బాధల్లా కనిపిస్తాయి, ప్యాచ్ ఎక్కువైనట్లూ కనిపిస్తాయి. నేను రెండోది అనుకుని ఆయనకు కావలసిన మందును తీసేశాను. అదే ఎంజైము మీద ఆధారపడే థియోఫిలిన్ (ఉబ్బసం మందు), క్లోజపైన్, ఒలాంజపైన్ (మానసిక వ్యాధుల మందులు) వాడేవారు పొగ మానితే మోతాదు చూసుకోవాలని నాకు బాగా తెలుసు, కేస్ షీట్‌లో ఆ మందుల గురించి అడిగే గడి కూడా ఉంది. రోజూ ఎదురయ్యే కాఫీకి మాత్రం గడి లేదు.

ఆయనకు ఈ తప్పు నాదని స్పష్టంగా చెప్పాను. రెండు సిగరెట్లకు తనను తాను తిట్టుకుంటున్న మనిషికి ఆ మాట వినడం అవసరం. ప్యాచ్ మళ్ళీ 24 గంటలూ ఉంచమన్నాను. కాఫీ మూడు కప్పులకు, చివరిది రాత్రి ఒంటి గంట లోపు. అంతకంటే ఒక్కసారిగా తగ్గిస్తే తలనొప్పి వస్తుంది. లేవగానే వచ్చే తహతహకు, లాజెంజ్ నోట్లో పెట్టుకుని కరిగేదాకా స్నానాల గదిలో ఉండిపోవాలని ఆయనే ఉపాయం చెప్పారు. ఐదారు రోజుల్లో నిద్ర కుదురుకుంది. కలలు ఇంకో రెండు వారాలు ఉన్నాయి, కానీ వాటిని భరించగలనన్నారు. ఆ తర్వాత మళ్ళీ సిగరెట్ ముట్టలేదు.

మిగతా దారి

ప్యాచ్ అంటించిన చోట దురద వచ్చింది. రోజూ చోటు మార్చడం, ఒకే చోటికి వారం దాకా తిరిగి రాకపోవడం, కొద్దిగా స్టెరాయిడ్ పూత. సరిపోయింది.

మామూలుగా 21 మిల్లీగ్రాముల ప్యాచ్ ఆరు వారాలు, ఆపైన 14, 7 రెండేసి వారాలు. ఈయనకు 21ని ఎనిమిది వారాలు ఉంచాను. త్వరగా తగ్గించాలన్న ఆత్రం ఆయనకూ ఉంది, ఇంట్లోవాళ్ళకూ ఉంది. పదో వారం దాకా 14, ఆపైన 7. ప్యాచ్ ఆగాక కూడా డ్యూటీ రాత్రుల్లో లాజెంజ్ మూడు, నాలుగు సాగాయి. "ఇదొక కొత్త వ్యసనం అవుతుందా?" అని అడిగారు. కొద్దిమంది ఎక్కువకాలం వాడతారు. పొగతో పోలిస్తే ఆ ప్రమాదం చాలా చిన్నది, కనుక నేను తొందరపెట్టలేదు. 4 నుంచి 2కు మార్చాను. ఎనిమిదో నెలలో వాటంతటవే ఆగిపోయాయి. ఒకరోజు డబ్బా ఇంట్లో మరిచిపోయి డ్యూటీకి వెళ్ళి, ఆ సంగతి తెల్లవారాక గుర్తించారట.

బరువు నాలుగు కిలోలు పెరిగింది. దగ్గు మొదటి నెలలో కొంత పెరిగి, మూడో నెలకు పోయింది. ఆరో నెలలో ఒక ఆరోగ్య పరీక్షలో కొటినిన్ ఉందని వచ్చి కంగారు పడ్డారు. కొటినిన్ నికోటిన్ నుంచే తయారవుతుంది, లాజెంజ్ వాడినా కనిపిస్తుంది. నికోటిన్ మందు మీద ఉన్నవారు పొగ తాగారో లేదో చెప్పేది కార్బన్ మోనాక్సైడ్. మా దగ్గర ఊది చూపిస్తే 2 పీపీఎం. ఆ మేరకు చీటీ రాసిచ్చాను.

పద్నాలుగో నెలలో, అపాయింట్‌మెంట్ లేని రోజున వచ్చారు. చేతిలో మిగిలిన 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌లు. అదే షిఫ్టులో పనిచేసే కుర్రవాడు మానాలనుకుంటున్నాడు, వీటిని అతనికి ఇచ్చేయనా అని అడిగారు. ఎన్ని తాగుతాడని అడిగాను. ఏడెనిమిది. మొదటిది ఎప్పుడు? లేచాక రెండు గంటలకు. అతనికి 21 ఎక్కువవుతుంది, బహుశా 2 మిల్లీగ్రాముల లాజెంజ్ ఒక్కటే చాలవచ్చు, ఒకసారి తీసుకురండి అన్నాను. గడువు దాటిన ప్యాచ్‌లను జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లల చేతికి అందకుండా పారేయమన్నాను. తల ఊపి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"కాఫీ మాత్రం రోజుకు ఆరు తాగుతాడండీ. ముందే చెప్పేస్తున్నాను."